మా మరిది నేర్పిన బెల్టు

మా మరిది పోయాడని ధర్మవరం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను హిందూపురంలో మా కొడుకు ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఫోను చేసింది మరిది కూతురు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "బండిలోనా?" అని. ఆ పిల్ల ఏడుస్తూనే, "బండిలో కాదు పెద్దమ్మా, ఇంట్లోనే. మొగం కడుక్కోని వచ్చి కుర్చీలో కూర్చున్న్యాడు. అంతే," అంది. ఇన్నేళ్లూ ఆ కారు గురించి నేను పడని దిగులు లేదు. లారీలు, గొర్రెలు, టైర్లు, వాన, అన్నిటి పేరునా దేవుడికి దండం పెట్టుకున్నాను. కుర్చీ గురించి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆ మనిషి గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను కాపురానికి వచ్చేటప్పటికి మా మరిది పలక పట్టుకుని బడికి పోయే పిల్లవాడు. పెద్దయ్యాక ధర్మవరంలో ముప్పై ఏళ్లు పట్టుచీరలు నేశాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునీ కూర్చునీ మోకాళ్లు పోయాక, ఒకరు వాడిన కారు కొని, నేతగాళ్ల చీరలను హిందూపురం అంగళ్లకు చేర్చే పని పెట్టుకున్నాడు. నెలకొకసారి చీరలు దించి, మా ఇంట్లో అన్నం తిని, తిరిగి పోతూ నన్ను ధర్మవరంలో మా అక్క ఇంటి దగ్గర దించేవాడు. అక్క మంచం పట్టి మూడేళ్లు. బస్సు మెట్లు నేను ఎక్కలేను. ఆ కారు లేకపోతే నాకు అక్క లేదు.

ఆ కారులో బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని ఒకటే చప్పుడు. ముందు సీట్లో కాస్త బరువు పడితే చాలు, మనిషా మూటా అని కూడా చూడదు. అందుకని మా మరిది హిందూపురం వచ్చేటప్పుడు ముందు సీట్లో చీరల మూట పెట్టి, దానికీ బెల్టు పెట్టేవాడు. మొదటిసారి చూసి నవ్వాను. "నవ్వుతావేంటికి వదినా? పెద్దింటి కోడళ్ల మాదిరి ఎంత బుద్ధిగా కూర్చోనుండాయో చూడు," అన్నాడు.

దారిలో బాడుగకు ఎక్కినవాళ్లు ఆ చప్పుడుకు విసుక్కునేవారట. ఒకసారి పెనుకొండలో ఎక్కిన పెద్దమనిషి, "ఏమప్పా, దీని నోరు మూయించేదానికి అంగట్లో క్లిప్పు అమ్ముతారు గదా, ఒకటి తెచ్చి దూర్చకూడదా?" అన్నాడట. "ఇంట్లో ఆయమ్మ నోరే మూయించలేకపోయినా సామీ, దీన్ని యాడ మూయించేది. నువ్వు బెల్టు పెట్టుకో, అదే మూసుకుంటాది," అన్నాడట మా మరిది. నాకు మాత్రం ఇంకో మాట చెప్పాడు. "మగ్గం ఆడేటప్పుడు చప్పుడు మారితే యాడో పోగు తెగిందని ఆపి చూస్తాం వదినా. ఆ చప్పుడు మింద కోపం చేసుకుంటే చీర నేసేదెట్ల?"

ఇంత చెప్పేవాడు నా ఒక్కదాని దగ్గర తగ్గాడు. బెల్టు పెట్టుకుంటే ఊపిరాడదని చెప్పాను నేను. వదిన మాట కాదనలేక, నేను ఎక్కకముందే బెల్టును ఖాళీ సీటుకు తగిలించేవాడు. దాని మీద ఆనుకుని కూర్చునేదాన్ని. చప్పుడు రాదు. అయినా నాకు నిమ్మళం ఉండేది కాదు. దారి పొడుగునా అడుగుతూనే ఉండేదాన్ని.

"గాలి పట్టించినావా నాయనా?"

"పట్టించినా వదినా."

"ఆ లారీ మన మిందికే వస్తాండాది గదా?"

"దాని దారిన అది పోతాండాది వదినా."

"గ్యాసు ఆపినానో లేదో."

"ఆపినావు. మళ్లీ పోయి చూసినావు. మూడోసారి నన్ను చూసి రమ్మన్యావు. ఆపే ఉండాది."

ఒక్కనాడూ విసుక్కోలేదు.

పోయినేడు ఎండాకాలం, పెనుకొండ ఇంకా రాకముందే, గొర్రెల మంద ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాడు. నేను విసురుగా ముందుకు పోయాను. నా తల అద్దానికి తగలకుండా మా మరిది ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు ఏమీ కాలేదు. అతని మణికట్టు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని, పెనుకొండ చేరేసరికి వాచిపోయింది. టీ అంగడి ముందు కారు ఆపి, టీ తెప్పించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. సగం తాగాక, "తప్పు నాదే. అందరికీ పెట్టించి నీకు పెట్టించకపోతిని. ఇప్పుడు నిజం చెప్పు వదినా. ఊపిరాడక కాదు గదా?" అన్నాడు.

ఆ చెయ్యి చూసి చెప్పేశాను. చికున్‌గున్యా జ్వరం వచ్చిపోయినప్పటి నుంచి నా బొటనవేళ్లలో బలం లేదు. బెల్టు పెట్టుకోగలను గానీ, ఆ ఎర్ర బటన్ నొక్కి తీసుకోలేను. బండికి మంటలు అంటుకుంటే? చెరువులో పడితే? అందరూ దిగిపోతే నేను కట్టేసిన ఆవు మాదిరి అందులోనే ఉండిపోతాను. పైగా ఈ సంగతి ఇంట్లో తెలిస్తే, అమ్మకు చేతులు పనిచెయ్యడం లేదు, ఇక ఎక్కడికీ పంపవద్దు అంటారు. అప్పుడు అక్కను చూసేది ఎట్లా?

మా మరిది నవ్వలేదు. తన బొటనవేలు చూపించాడు. "మగ్గం వదిలేటప్పటికి నాదీ ఇట్లే ఉండె. దీంతో కాదు వదినా. చూపుడు వేలు మడుచు. ఆ కణుపు బటన్ మింద పెట్టి, పక్కకు ఒరిగి నీ బరువంతా దాని మింద వెయ్యి." ఆరోజు బెల్టు పెట్టుకుని ఎన్నిసార్లు నొక్కినా ఊడి రాలేదు. ధర్మవరంలో వాచిన చేత్తోనే నా బెల్టు తీశాడు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు.

మరుసటి నెల పాత సామాన్ల అంగడి నుంచి ఒక బెల్టు, దాని లాకు తెచ్చి నా మంచం కోడుకు కట్టాడు. మా కోడలు వచ్చి, "ఇదేంది చిన్నమామా?" అని అడిగింది. "మీ అత్తకు విమానం ఎక్కేది నేర్పిస్తాండా," అన్నాడు. కోడలు నవ్వుకుంటూ పోయింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను మంచం మీద కూర్చుని నొక్కేదాన్ని. కణుపు కందిపోయేది. ఇరవై రోజుల తర్వాత ఒకనాడు టక్కుమని ఊడి వచ్చింది. ఎవరూ చూడలేదు. ఇంకోసారి పెట్టి తీశాను. పదిసార్లు పెట్టి తీశాను.

ఆ తర్వాత ధర్మవరంలో అక్క ఇంటి ముందు కారు ఆగినప్పుడు, "నేనే తీసుకుంటా," అన్నాను. మా మరిది దిగి, అద్దం తుడుస్తూ అటు తిరిగి నిలబడ్డాడు. నా చేతుల వైపు చూడలేదు. తొందర పెట్టలేదు. అప్పటి నుంచి ప్రతిసారీ అంతే. ఎంత శుభ్రంగా ఉన్నా ఆ అద్దాన్ని నేను దిగేదాకా తుడిచేవాడు. నా వేళ్ల సంగతి మా కొడుకుకు చెప్పలేదు, తన భార్యకు కూడా చెప్పలేదు. నేనే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అతను పోయిన రోజు కొడుకు నన్ను తీసుకుపోయాడు. ఎట్లా పోయానో, ఎట్లా వచ్చానో తెలియదు. దినాలు అయిపోయాక అక్క చూడాలని కబురు పెట్టింది. కొడుకుకు పని ఉండి బాడుగ కారు మాట్లాడాడు. ముక్కూ మొహం తెలియని డ్రైవరు. బెల్టు లాకులో ఇనుప క్లిప్పు ఒకటి దూర్చి ఉంది.

"నీకు చప్పుడు రాదులే అవ్వా, కాళ్లు చాపుకోని కూర్చో," అన్నాడు.

"దాన్ని తీసెయ్ నాయనా."

"ఏంటికవ్వా? ఈ వయసులో నీకు కష్టం."

"కష్టమే. తీసెయ్."

తీసి జేబులో వేసుకున్నాడు. నేను బెల్టు పెట్టుకున్నాను.

దారంతా గాలి, లారీ, గ్యాసు, నా దిగుళ్లన్నీ నాతోనే ఉన్నాయి. అడిగితే ఆ మనిషి ఏమనుకుంటాడోనని అడగలేదు. చెన్నేకొత్తపల్లి దాటాక ఎదురుగా పెద్ద లారీ వస్తుంటే, దాని దారిన అది పోతోందని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క ఇంటి ముందు డ్రైవరు నా బెల్టు తియ్యడానికి చెయ్యి చాపాడు. "ఉండప్పా, నేను తీసుకుంటా," అన్నాను. రెండుసార్లు రాలేదు. మూడోసారి వచ్చింది.

లోపల అక్క ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. చూపు సరిగా ఆనదు.

"ఎవురు తెచ్చినారే నిన్ను?"

"నేనే వచ్చినా."

పక్కన కూర్చోమంది. చెయ్యి చాపి నా మొహం తడిమింది, భుజం తడిమింది. నా నూలు చీర మీద భుజం నుంచి నడుము దాకా బెల్టు ఒత్తిన మడత వాలుగా పడి ఉంది. "ఏమే ఇది, ఈడ ఇంత నలిగిండాది," అంటూ అరచేత్తో దాన్ని సాపు చెయ్యసాగింది. భుజం దగ్గర మొదలుపెట్టి నడుము దాకా, మళ్లీ భుజం దగ్గరి నుంచి. మడత పోలేదు. అక్క చెయ్యీ ఆగలేదు.