బర్మా నుంచి నడిచొచ్చిన ముడి

పోయిన నెల మా అవ్వ వెళ్లిపోయింది. నగరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అవ్వ పోయింది. పొద్దున సంగటి తినింది, మంచం మింద ఒరిగింది, అంతే" అన్నాడు. తినే పోయిందంటే ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఖాళీ కడుపుతో ఎవరినీ గడప దాటనివ్వని మనిషి ఆమె.

వాళ్ల నాయన కథ చెప్పకుండా అవ్వకు పూట గడిచేది కాదు. యుద్ధానికి ముందు ఆయన పని వెతుక్కుంటూ బర్మా వెళ్లాడు. అప్పటికి అవ్వ పొత్తిళ్లలో బిడ్డ. అక్కడ బాంబులు పడ్డాక జనం అడవుల వెంట నడుచుకుంటూ తిరిగొస్తున్నారన్నారు, ఈయన ఉత్తరాలు మాత్రం ఆగిపోయాయి. రెండేళ్లు చూశారు. ఇక లాభం లేదని కులపెద్దలు ఇంటికొచ్చి, అవ్వ వాళ్లమ్మకు బొట్టూ గాజులూ తీసేయడానికి రోజు పెట్టబోయారు. "తిరిగొస్తాడు" అని ఆమె ఒక్కతే మొండికేసింది. ఒక్కతి మాట ఎవరు వింటారు?

లోపల ఆ పంచాయితీ నడుస్తుండగానే, గడ్డం మాసిన మనిషొకడు వాకిట్లో నిలబడ్డాడు. అక్కడ ఆడుకుంటున్న ఆరేళ్ల అవ్వ, "యాడ్నించి వస్తాండావప్పా? సంగటి ఉండాది, తింటావా?" అని అడిగింది. ఆయన తలూపాడు. ఈమె సంగటి తెచ్చేలోపు పంచలో ఉన్న మగ్గం దగ్గర కూర్చుని, తెగిన పోగొకటి ముడేశాడు. తిని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

అప్పుడే బయటికొచ్చిన వాళ్లమ్మ ఆ ముడి చూసింది. ఆ నేతగాళ్ల వీధిలో అందరిదీ కుడిచేతి ముడి. ఎడంచేత్తో తిప్పి వేసేది ఆమె మొగుడొక్కడే. తిన్నగా లోపలికెళ్లి, "లేయండి పెద్దాయనా. నా మొగుడు వచ్చినాడు" అనింది. మనిషిని ఇంకా చూడనే లేదు!

"యాడమ్మా?"

"మగ్గం మింద ఉండాది ఆయన సెయ్యి. తీసేది కాదు, నాకు కొత్త గాజులు తెప్పీండి."

"కన్న నాయనకే బిచ్చం పెట్టిన ఘనురాలిని నేను" అని అవ్వ పగలబడి నవ్వేది. నా కళ్లు తడిస్తే కసిరేది. "ఇది ఏడిసే కత కాదు పాపా, గెలిసిన కత." ఆ రోజు చేసిన పొరపాటు మళ్లీ చేయకూడదని, ఎవరొచ్చినా ముందు చేతులు చూసేది. పెళ్లిచూపుల్లో మా ఆయన మొహం వదిలేసి, చేతులు తిప్పి తిప్పి చూసింది.

పెద్దకర్మ అయ్యాక తమ్ముడు కత్తెర తెచ్చాడు. అవ్వ మగ్గం మీద సగం నేసిన తువ్వాలుంది. "ఇంక దీన్నెవురు నేస్తారు, కోసేద్దాం" అన్నాడు.

"ఉండు మామా, ఒక పోగే కదా తెగింది" అంటూ నా కూతురు మగ్గంలో కూర్చుంది. రాయడం, తినడం, అన్నీ కుడిచేత్తోనే చేసే పిల్ల. పోగును మాత్రం ఎడంచేత్తో తిప్పి ముడేసి, మిగిలిన కొసను పళ్లతో కొరికేసింది. నాకు తెలియకుండా అవ్వ ఎప్పుడు నేర్పిందో!

తమ్ముడు కత్తెర జేబులో పెట్టుకున్నాడు. వీధంతా పవర్‌లూమ్‌ల హోరు. ఆ హోరులోనే, అవ్వ మగ్గం మళ్లీ టక్కుమంది.