సేటు కారు ఏసీ, నిమ్మకాయల దండ

మా చిన్నప్పుడు... పెద్దపల్లిలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం. బాపు షాపు ముందు రైస్‌మిల్లు సేటు తెల్లకారు బానెట్ తెరిచి ఉంది. నేను కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కుదురుగా కూర్చోమని తిట్లు తినడంలో వాడలో నా తర్వాతే ఎవరైనా...

బాపు దుబాయిలో కార్ల ఏసీ పని నేర్చుకుని వచ్చి షాపు పెట్టి నాలుగు నెలలైంది. వచ్చేవన్నీ స్కూటర్ హారన్లు, ట్రాక్టర్ లైట్లే. ఈలోగా మళ్లీ వీసా వచ్చింది. "సేటు కారు మంచిగ జేస్తె పేరొస్తది. గిరాకి దొరికితె పోను," అని పొద్దున అవ్వతో, అంటే మా అమ్మతో, అన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

ఏసీ స్విచ్ వేయగానే ఫ్యూజ్ టప్పున పోతోంది. కొత్తది వేస్తే అదీ పోయింది. మూడోదీ పోయింది...

సేటు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. "ఏమాయె సత్తయ్యా? నాలుగు గొట్టంగ బిడ్డను కాగజ్‌నగర్ అత్తగారింటికి తోలియ్యాలె. మూడు నెల్ల పిల్లతోని గీ ఎండల ఎట్ల?"

"ఫ్యూజు జాగల రాగి తీగ సుట్టరాదే అన్నా," అన్నాడు సేటు డ్రైవర్ రాజయ్య.

"సుడితె కారే కాలుతది," అన్నాడు బాపు.

కంప్రెసర్ వైరు విప్పేసి, ఫ్యూజ్ స్థానంలో చిన్న బల్బు తగిలించాడు. అది భగ్గున వెలిగింది. "గిది వెలుగుతున్నంత సేపు యాడ్నో వైరు బాడీకి తాకుతున్నట్టే," అని ఒక్కో వైరూ కదుపుతూ పోయాడు. చెమట కళ్లలో పడుతున్నా తుడుచుకోలేదు. బల్బు ఆరదే! నాకు ఏడుపొచ్చేసింది.

చేతులు ఊరుకోక, కారు ముందు జాలీకి వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండను పట్టుకున్నాను.

"ఓ పిల్లా! దిష్టిది ముట్టకు!" అని రాజయ్య అరిచాడు. ఉలిక్కిపడి గట్టిగా గుంజాను. బల్బు ఆరిపోయింది.

ఏదో పాడు చేశాననుకుని పారిపోబోయాను. "ఆగు బిడ్డా! మల్ల గుంజు," అన్నాడు బాపు. వదిలితే వెలుగుతోంది, గుంజితే ఆరిపోతోంది...

సంగతేమిటంటే, గుంతల రోడ్లకు దండ ఊడిపోతోందని రాజయ్య ప్రతి శనివారం దాన్ని ఇనుప తీగతో బిగించి కడుతున్నాడు. ఆ తీగ జాలీ వెనకున్న ఏసీ వైరును కూడా కలిపి చుట్టేసింది. రాసుకుని రాసుకుని వైరు తొడుగు తెగి, లోపలి రాగి ఆ ఇనుప తీగకు తాకుతోంది.

బాపు వైరుకు టేపు చుట్టి, విప్పిన వైరు మళ్లీ కలిపి, కొత్త ఫ్యూజ్ వేశాడు. దండను దారంతో కట్టాడు. చల్లగాలి వచ్చింది! నాలుగింటికల్లా కారు వెళ్లిపోయింది. మా బాపు ఇక దుబాయి పోడని నేను వాడంతా చాటింపు వేశాను.

నెల గడిచింది. మళ్లీ స్కూటర్లే వచ్చాయి...

"అంత మంచిగ జేస్తివి గదా, మల్లెందుకు పోవుడు?" అని అవ్వ అడిగింది. బాపు పెట్టె సర్దుతూ తల ఎత్తలేదు. "ఊర్ల ఏసీ కారు గదొక్కటే ఉండె. గది గూడ బాగాయె."

ఇప్పుడు మా ఒక్క వాడలోనే ఏసీ కార్లు వరసగా ఆగి ఉంటాయి. పనికి కొదవ లేదు... ఏళ్ల తర్వాత దుబాయి నుంచి తిరిగొచ్చిన బాపుకే సన్న వైరు కంటికి ఆనదు. మీ ఇంట్లోనూ ఇలా ఊరికంటే ముందే పని నేర్చుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా? చెప్పండి... ఇన్నాళ్లూ మా బాపు ఒక్కడే అనుకున్నాను.