పుల్ల దిగేదాకా

మా ఆమె పోయింది. గురువారం పొద్దున, పదకొండు గంటలకు. ఈ మాట ఇప్పటికి ఎంతోమందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో నాకు చెబుతున్నట్టే ఉంటోంది.

నేను కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతున్నాను. అటెండరు తలుపు దగ్గరికి వచ్చి, "సార్, మేడం పడిపోయిందట, జల్ది రమ్మంటున్నరు" అన్నాడు. కాలు జారిందేమో అనుకున్నాను. సుద్దముక్క జేబులో వేసుకుని బండి తీశాను. దవాఖానలో డాక్టరు, మెదడులో నరం చిట్లిందని చెప్పాడు. "మళ్ల ఎప్పుడు లేస్తది?" అని అడిగాను.  ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమెను ఇంటికి తెచ్చేసరికి ఫ్లాస్కులో చాయ్ ఇంకా వేడిగానే ఉంది. ప్రింటర్‌లోంచి ఎవరిదో దరఖాస్తు ఫారం సగం బయటికొచ్చి ఆగి ఉంది. ఆ రెండూ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఆర్మూర్‌లో చాలామందికి ఆమె నెట్ సెంటర్ మేడంగానే తెలుసు. మా ఇంటి ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. మీది ఈ ఊరే అయితే, మీ పిల్లల హాల్ టికెట్లు ఆమె తీసిచ్చి ఉంటుంది. పరీక్ష ఫలితాల రోజు నందిపేట్ నుంచి, ఆలూర్ నుంచి ఆటోల్లో వచ్చిన పిల్లలు మా గడప ముందు వరుసగా నిలబడేవారు. ఫెయిలైన పిల్లకు అందరి ముందు కాగితం ఇచ్చేది కాదు. లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పెట్టేది. "ఇంటికి పోయినంక ఇప్పు. గీడ ఇప్పకు" అనేది. ప్రింటర్ మొండికేస్తే దానితో మాట్లాడేది. "అరే, పొద్దుగాల నుంచి మంచిగనే ఉన్నవు గదా, ఏమైందిరా నీకు?" అది కదిలేది కూడా.

ఇదంతా మీకు తెలిసినదే. మీకు తెలియనిది ఒకటుంది. ఆమె మంత్రగత్తె.

రెండేళ్ల కింద, మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉండే వేళ, ఇంటర్నెట్‌లో ఒక ఆట మొదలుపెట్టింది. దేశదేశాల వాళ్లు ఒక్కచోట చేరి ఆడే ఆట అది. అందులో కొండలు, కోటలు, మృగాలు ఉంటాయి. ఎవరికి వారు ఒక వేషం ఎంచుకోవాలి. ఈమె దూరం నుంచి నిప్పు విసిరే మంత్రగత్తె వేషం ఎంచుకుంది. పేరు పసుపు. నిలువెత్తు పసుపు రంగు అంగీ, చేతిలో కర్ర. ప్రతి ఆదివారం రెండు గంటలకు పదిమంది కలిసి ఒక పెద్ద మృగం మీదికి పోతారు. దాన్ని రెయిడ్ అంటారు.

నేను నవ్వేవాణ్ణి. "బొమ్మలాట అయిందా?" అని అడిగేవాణ్ణి.

"నవ్వు సారూ, నవ్వు. నేను లేకుంటే ఆడ పనైతలేదు."

"ఎవరెవరున్నరు మీ జట్టుల?"

"ట్యాంకు నాగ్‌పూర్ ఆయన. రైల్వేల పనిచేస్తడు."

"ట్యాంకా? నీళ్ల ట్యాంకా?"

"డాలు పట్టుకొని ముందల నిలబడి దెబ్బలు తినేటోడు. నీకు చదువు చెప్పినోళ్లు ఎవలో గని!"

దెబ్బలు తిన్నవాళ్లకు వైద్యం చేసేది కొలంబోలో ఒక టీచరమ్మ. పడిపోయిన వాళ్లను లేపేది కూడా ఆమే. ఆ ఆటలో చావు అంత పెద్ద సంగతి కాదు. ఆమె మంత్రం వేస్తే లేస్తారు. లేదా ఆత్మగా నడిచివచ్చి తమ శరీరంలో చేరతారు. ఒక్క మధ్యాహ్నంలో మా ఆమె ఆరుసార్లు చచ్చి, లేచి వచ్చి నాకు అన్నం పెట్టింది.

అసలు పని ఏమిటో ఒకసారి నాకు చెప్పింది. మృగానికి ఎవరి మీద ఎక్కువ కోపం వస్తే వాళ్ల మీదికి పోతుంది. మంత్రగత్తె దెబ్బ పెద్దది. తొందరపడి కొడితే మృగం ట్యాంకును వదిలి ఆమె వైపు తిరుగుతుంది. ఆమె ఒంటి మీద కవచం ఉండదు, గుడ్డే. అందుకని మృగం కోపమంతా ట్యాంకు మీదికి పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి.

"దెబ్బ కొట్టుడు ఎవలకైనా వస్తది సారూ. కొట్టకుండ ఆగుడే పని" అంది.

ఆగడం ఆమెకు పుట్టింట్లోనే వచ్చింది. ఆలూర్ పక్కన వాళ్లది పసుపు పండించే ఇల్లు. తవ్విన పసుపు కొమ్ములను పెద్ద కడాయిలో ఉడకబెట్టేటప్పుడు, ఉడికిందా లేదా చూసే పని చిన్నప్పటి నుంచి ఈమెదే. సన్నటి పుల్ల తీసుకుని కొమ్ములో గుచ్చాలి. ఆపకుండా అవతలికి దిగితే ఉడికినట్టు. ముందే తీస్తే లోపల పచ్చిగా ఉంటుంది. ఆలస్యమైతే మెత్తబడి పాడవుతుంది. ఆవిరిలో నిలబడి ఈమె "పుల్ల దిగింది!" అని కేక వేస్తేనే వాళ్ల నాయన మంట తీయించేవాడు. పెళ్లయిన కొత్తలో నన్నూ గుచ్చమంది. గుచ్చి, అయిపోయిందన్నాను. వాళ్ల నాయన ఒక కొమ్ము విరిచి చూసి మళ్లీ కడాయిలో వేశాడు. ఈమె మాత్రం ఊరంతా వినేట్టు నవ్వింది. "మా సారుకు పుల్ల గుచ్చుడు రాదు. తొందరెక్కువ."

ఆ మాటను ఆటలోకి తీసుకుపోయింది. ఇక కొట్టొచ్చు అనిపించినప్పుడు, ఇంగ్లీషు అక్షరాల్లో పుల్ల అని రాసేది. మొదట్లో వాళ్లకు అర్థం కాలేదట. ఆమె చెప్పినప్పుడల్లా సరిగ్గా ఉండటం చూసి, తర్వాత ఆ మాట కోసమే ఆగడం మొదలుపెట్టారు. నాగ్‌పూర్ ఆయన మృగాన్ని తన వైపు తిప్పుకుని, పుల్లా? అని అడిగేవాడట. ఆమె పుల్ల అనేది. మంత్రగాళ్లంతా ఒక్కసారి నిప్పు కురిపించేవారు. ఆలూర్ పక్కన కడాయి దగ్గర పుట్టిన మాట కోసం కొలంబోలో ఒకరు కాచుకుని కూర్చుంటారని ఆమె నాతో అంటే నేను పేపరులోంచి తల ఎత్తలేదు.

ఆఖరి ఆదివారం వాళ్లు ఒకే మృగం చేతిలో వరుసగా ఏడో వారం ఓడిపోయారు. ఆమె వంటింట్లోకి వచ్చి, "వచ్చే ఆదివారం కొడతం. నా పక్కన కూసో, చూపిస్త" అంది.

"చూద్దాం" అన్నాను.

నేను అన్నింటికీ అనే మాటే అది. నాలుగు రోజులకు ఆమె లేదు.

ఆ ఆదివారం ఇంటి నిండా బంధువులు. ఒకటిన్నర దాటాక మా బామ్మర్ది నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"బావా, చుట్టాలందరికి కబురు చెప్పినం. ఆటల ఉన్నోళ్లకు ఎవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు."

"అక్క వాళ్ల ముచ్చట పొద్దుమాపు చెప్పేది నాకు. రెండింటికి ఎదురుచూస్తరు గదా. చెప్పి రాపో."

ముందు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. పాస్‌వర్డ్ క్యాలెండర్ వెనక రాసి ఉంటుందని తెలుసు. తెర మీద ఒక కోట వాకిలి ముందు పసుపు అంగీలో ఆమె నిలబడి ఉంది. చుట్టూ తొమ్మిదిమంది. ఈ రోజు పడగొడదాం పసుపూ, అని నాగ్‌పూర్ ఆయన రాశాడు.

పసుపు చనిపోయింది, అని ఇంగ్లీషులో రాశాను.

ఎక్కడ? నా ముందే నిలబడ్డావు కదా, అని ఆయన రాశాడు. ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. కొలంబో టీచరమ్మ, ఉండు, నేను లేపుతాను, అని రాసింది. ఆమె వేషం చేతులెత్తింది. వేళ్ల చుట్టూ వెలుగు తిరిగి ఆరిపోయింది.

కుదరడం లేదు, అని రాసింది. ఈ మనిషి చనిపోలేదు అని వస్తోంది.

 మూడు రోజులుగా నేను ఎవరి నోటి నుంచైనా వినాలనుకున్న మాట అది. కొలంబో నుంచి వచ్చింది. అదీ ఒక యంత్రం చెబితే.

కాసేపటికి రాశాను. నేను ఆమె భర్తను. ఆమె గురువారం నిజంగా చనిపోయింది. ఆ నిజంగా అనే మాట లేకుండా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పే దారి నాకు కనబడలేదు.

 నాగ్‌పూర్ ఆయన వేషం డాలు వీపుకు తగిలించుకుని నేల మీద కూర్చుంది. పక్కనున్నది కూర్చుంది. ఒకటొకటిగా తొమ్మిదీ కూర్చున్నాయి. ఆమెను కూర్చోబెట్టడం నాకు తెలియదు. ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

పెద్దకర్మ అయ్యాక నాగ్‌పూర్ ఆయన నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఆమె మెయిల్‌కు. వచ్చే ఆదివారం ఆ మృగం దగ్గరికే పోతున్నామని రాశాడు. "మీరు ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆమెను వాకిట్లో నిలబెట్టండి చాలు. ఒక్క మాట మాత్రం మీరు చెప్పండి. ఆ మాట ఇంకెవరు చెప్పినా మాకు చేతులు లేవవు."

మొన్న ఆదివారం రెండింటికి కూర్చున్నాను. ఆమె కుర్చీలో కాదు. పక్కన, నన్ను కూర్చోమన్న చోట. అక్కడి నుంచి కీబోర్డు కొంచెం దూరం.

ఆమె వాకిట్లో ఉంది. తొమ్మిదిమంది లోపలికి పోయారు. నాగ్‌పూర్ ఆయన డాలుతో మృగానికి ఎదురు నిలిచాడు. ముగ్గురు మంత్రగాళ్లు వెనక చేతులు కట్టుకుని ఉన్నారు. ఆయన అడిగాడు. పుల్లా?

మృగం ఆయన వైపే చూస్తోంది. కోపం మొత్తం ఆయన మీదికి పోయిందా? దేన్ని చూసి ఆమె తెలుసుకునేదో నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె ఆడిన రెండేళ్లూ నేను అదే ఇంట్లో, ఒక తలుపు అవతలే ఉన్నాను. మళ్లీ అడిగాడు. ఇక ఆగలేక రాశాను. పుల్ల.

నిప్పు కురిసింది. మృగం ఒక్క క్షణం అలాగే ఉండి, ట్యాంకును వదిలి వెనక్కి తిరిగింది.

తొందరపడి ముందే చెప్పాను. పచ్చిగా ఉండగానే.

మంత్రగాళ్లు ముగ్గురూ పడ్డారు. తర్వాత టీచరమ్మ, మిగతావాళ్లు పడ్డారు. చివరికి నాగ్‌పూర్ ఆయన కూడా పడ్డాడు. నేల మీద తొమ్మిదిమంది. మృగం తన చోటుకు తిరిగిపోయింది. వాకిట్లో నిలబడిన ఆమెను అది ముట్టలేదు. ఆమె ఎవరినీ కొట్టలేదు కదా.

తప్పు నాదే, క్షమించండి, అని రాశాను.

ఏం ఫరవాలేదు, అని ఆయన రాశాడు. మొదటిసారి మేమందరం అంతే. ఆమె మమ్మల్ని ఎంత తిట్టిందో మీకు తెలియదు. అక్కడే ఉండండి, లేచి వస్తున్నాం.

లేచి వస్తున్నాం. ఎంత మామూలుగా రాశాడు!

ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. మీరు కదలడం లేదు, మరికొద్ది క్షణాల్లో బయటికి పంపేస్తాం, అని. ఏం చెయ్యాలో తోచక, చేతికి అందిన పొడుగాటి కీ నొక్కాను. ఆమె చిన్నగా ఎగిరి మళ్లీ నేల మీద నిలిచింది. పసుపు అంగీ ఒకసారి గాలికి లేచి సర్దుకుంది. హెచ్చరిక పోయింది.

కోట అవతల, దారి మీద, తొమ్మిదిమంది ఒక్కొక్కరే నడిచివస్తున్నారు. నేను ఆ కీ మీద నుంచి వేలు తియ్యలేదు.