టెంకాయ మామ చూపిన ప్రాసెసర్

ఆ రోజుల్లో మా విడపనకల్లు వైపు జనమంతా మబ్బుల కోసం ఆకాశం వైపు చూస్తుంటే, నేనొక్కణ్ణే ఫోన్ వైపు చూస్తూ ఉండేవాణ్ణి. (ఇప్పుడు అందరూ ఫోన్లోనే మబ్బుల్ని చూస్తున్నారు, అది వేరే మాట.) నేను చూసేది ఓవర్‌క్లాకింగ్ వీడియోలు. అదేమంత పెద్ద విద్య కాదు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్‌ను, కంపెనీవాడు చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తించడం. అలా పరిగెత్తిస్తే అది కుంపటిలా కాగుతుంది కాబట్టి, సన్నటి గొట్టాల్లో నీళ్లు తిప్పి చల్లబరచాలి. డిగ్రీ చదువుతున్న నేను, అలాంటి కంప్యూటర్ లేకపోతే నా బతుకే వృథా అని తీర్మానించుకున్నాను.

ఇంట్లో చెప్పిన రోజు వ్యవహారం 'నీళ్లు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. "ట్యాంకరు వచ్చినప్పుడు దానికీ ఒక బిందె పట్టల్లనా?" అంది అమ్మ. నాయన ఆలోచన వేరు. "కంపెనీవాడు చెప్పిందానికంటే ఎక్కువ తోలితే ఎద్దయినా కూలబడతాది. దాన్నెందుకురా సతాయిస్తావు?" అన్నాడు. పోసిన నీళ్లే మళ్లీ మళ్లీ తిరుగుతాయని, లోటాడు చాలని రోజుల తరబడి బతిమాలితే మెత్తబడ్డాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "నీళ్ల యవ్వారం. మామను అడక్కుండా చేసేది లేదు."

మామ అంటే టెంకాయ మామ. మా వైపు బోరు వేయించాలంటే ముందు ఆయన రావాలి. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు లెక్క. మా చేలో ఆయన టెంకాయ నిలబడిన ప్రతిచోటా నాయన బోరు వేయించాడు. ప్రతిసారీ తెల్లటి దుమ్మే లేచింది. అయినా నాయనకు ఆయన మీద నమ్మకం సడలలేదు. (నాకైతే టెంకాయ చట్నీ మీద కూడా సడలింది.)

అలా మేం ముగ్గురం అనంతపురంలో కంప్యూటర్ అంగడికి వెళ్లాం. అంగడి అన్న రెండు పెట్టెలు చూపించాడు. మొదటిది తాళం లేని ప్రాసెసర్, అంటే వేగం మన ఇష్టమొచ్చినంత పెంచుకోవచ్చు. రెండోది తాళం వేసినది, కంపెనీ గీసిన గీత దాటదు. నా ప్రాణమంతా మొదటి దాని మీదే. నేను చెయ్యి చాచేలోగా మామ చెప్పులు విడిచి, పెట్టెలు రెండూ నేల మీద పెట్టించి, టెంకాయతో ప్రదక్షిణం మొదలుపెట్టాడు. అంగట్లో ఉన్నవాళ్లంతా మూగారు. మొదటి పెట్టె దగ్గర టెంకాయ కదల్లేదు. రెండో పెట్టె దగ్గరికి రాగానే, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడింది.

"ఈడ ఉండాయి నీళ్లు!" అన్నాడు మామ.

"మామా, దానికి నీళ్లే అక్కర్లేదు! ఒక ఫ్యాన్ చాలు!" అని నేను మొత్తుకున్నాను.

"ఏమప్పా, నువ్వు చెప్పేది వినల్లనా, టెంకాయ చెప్పేది వినల్లనా?" అన్నాడు నాయన. అంగడి అన్న నావైపు జాలిగా చూశాడు గానీ, టెంకాయతో వాదించే ధైర్యం ఆయనకూ లేకపోయింది. తాళం వేసిన ప్రాసెసరూ, నా మొహం చూడలేక నాయన ఇప్పించిన నీళ్ల గొట్టాలూ పట్టుకుని ఇంటికొచ్చాం.

గొట్టాలు బిగిస్తుంటే ఒకచోట వదులుగా ఉంది. అంగడికి ఫోన్ చేద్దామన్నాను. "ఇంతదానికి ఫోనెందుకురా? మోటారు పైపే నిలబడ్నాది, ఇది నిలబడదా?" అంటూ నాయన పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, చేలో పైపుకు చుట్టినట్టే గట్టిగా చుట్టాడు. స్విచ్ వేశాను. తెర వెలిగింది, నీళ్లు తిరిగాయి, ఆ కాసేపూ నేను రాజును. అంతలో ట్యూబు ముక్క మెల్లగా జారింది. నీళ్లు సర్రున లేచి, ఎదురుగా కూర్చున్న మామ మొహాన్ని తడిపాయి. తెర ఆరిపోయింది.

మామ మొహం తుడుచుకోనైనా లేదు. "చూసినావా! నేను చెప్పల్యా? పడినాయి నీళ్లు!" అని అరిచాడు.

నాకు ఏడుపొచ్చింది. నాయన వైపు చూశాను. ఇన్ని బోర్లు వేయించి దుమ్ము తప్ప ఏమీ చూడని మనిషి, నేల మీద పారుతున్న ఆ లోటాడు నీళ్లను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వాడు. బోరు పడితే చేయాల్సిన మర్యాద ప్రకారం, ఆ టెంకాయనే చచ్చిపోయిన కంప్యూటర్ ముందు కొట్టి, ఒక చిప్ప నా చేతిలో పెట్టాడు. ఏడుస్తూనే తిన్నాను. తియ్యగానే ఉంది.

ఇప్పుడు నా బల్ల మీద తాళం లేని ప్రాసెసరే ఉంది. దాని వేగం పెంచాలని ఒక్కసారీ అనిపించలేదు. నాయన వచ్చినప్పుడల్లా ఆ పెట్టెకు చెవి ఆనించి, "దీంట్లో నీళ్లు లేవా?" అని అడుగుతాడు. లేవంటే కాస్త చిన్నబోతాడు. వేగం కోసం అంత ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. నీళ్లు పడ్డాయని టెంకాయ కొట్టే భాగ్యం నాయనకు ఇచ్చింది, పాపం, ఆ పరిగెత్తని ప్రాసెసరే.