వెనకముడి పెద్దమ్మ రాజ్యం

మా పెద్దమ్మ కుట్టిన బట్టని ఎవరూ సొంతంగా తొడుక్కోలేరు. అది చేతకానితనం కాదు, పంతం. చొక్కా అయినా, కవచమైనా, మహారాణి పట్టు అంగీ అయినా సరే, గుండీలూ హుక్కులూ తాళ్ళూ అన్నీ వీపు వైపే. అదీ చెయ్యి ఎటునుంచి తిప్పినా అందని చోట. అందుకే సినిమా స్టూడియోలో అందరూ ఆవిడని వెనకముడి పెద్దమ్మ అనేవారు. ఆవిడ వెనకే అనేవారు లెండి. ఎదురుగా అనే ధైర్యం నా ఒక్కడికే ఉండేది, కానీ నాకు తీరిక దొరకలేదు.

వరసకి ఆవిడ నాకు పెద్దమ్మేమీ కాదు. అక్కడ అందరికీ పెద్దమ్మే. ఆవిడకన్నా పెద్దవాడైన డైరెక్టరుగారు కూడా అలాగే పిలిచేవారు.

నా గురించి కూడా ఒక్క ముక్క చెప్పాలి. నేను కాలేజీని రెండో ఏడే వదిలేశాను. నన్ను తట్టుకోవడం కాలేజీ వల్ల కాలేదని మా నాన్నకి విడమరిచి చెప్పాను. ఆయన మాత్రం దాన్ని తిరగేసి విన్నారు. ఆ తరవాత ఓ భారీ చారిత్రక చిత్రంలో నాకు ముఖ్యమైన వేషం దొరికింది. సింహాసనం వెనక రెండో బల్లెం. మొదటి బల్లెం పట్టుకున్నవాడికి నిలబడ్డం రాదు కాబట్టి రాజ్యమంతా నా మీదే ఆధారపడి ఉండేది. తెరమీద నా మోచెయ్యి వరకే కనిపిస్తుంది. మొత్తం చూపిస్తే జనం రాణుల్ని చూడరని కెమెరామన్ భయం.

సైన్యానికి కవచాలు కుట్టింది పెద్దమ్మే. గుడ్డ కవచాలు, మీద వెండి రంగు. మొదటిరోజు తొడుక్కోబోతే తాళ్ళన్నీ వెనక. ఏం చేస్తాం? వరసగా నిలబడి ఎవడి ముందున్నవాడికి వాడు కట్టడం మొదలుపెట్టాం. అందరి వెనకా నేను. నా వెనక ఎవడూ లేడు. నేను లేకపోతే యుద్ధం లేదు కదా! ఒక్క క్షణం ఆలోచించి, వరసని వంచి, మొదటివాణ్ణి తెచ్చి నా వెనక నిలబెట్టాను. సైన్యం మొత్తం సున్నా చుట్టింది. యుద్ధశాస్త్రంలో ఈ వ్యూహం నాదే.

డైరెక్టరు మైకులో అరిచాడు. "సైన్యం ఎందుకయ్యా గుండ్రంగా తిరుగుతోంది?"

"ముడులు వేసుకుంటున్నామండీ!"

"అవతల శత్రువు వచ్చేస్తున్నాడు!"

"వాళ్ళూ అక్కడ గుండ్రంగానే తిరుగుతున్నారండీ!"

డైరెక్టరు నేరుగా బట్టల గదికి వెళ్ళాడు. "పెద్దమ్మా, ఒక్క జిప్పు పెడితే నీ సొమ్మేం పోయింది?"

"ఆ కాలంలో జిప్పులు లేవు," అంది పెద్దమ్మ. నోటినిండా గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఆవిడ మాటలు పెదాల మూలనుంచి వచ్చేవి.

"ఆ కాలంలో మనుషులకి ముందు వైపు లేదా?"

పెద్దమ్మ కుట్టు ఆపింది. నోట్లోంచి ఒక సూది తీసి సూదుల దిండుకి గుచ్చింది. ఇంకోటి తీసింది. సూదులన్నీ బయటికొచ్చాక ఆవిడ ఏం మాట్లాడుతుందో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు, ఎందుకంటే అంతవరకూ ఆగినవాడు లేడు. డైరెక్టరు మూడో సూదికే వెళ్ళిపోయాడు.

నేనూ ఒకసారి బలయ్యాను. భుజం దగ్గర చిరిగిందని నా సొంత చొక్కా ఇచ్చాను. చిరుగు భేషుగ్గా కుట్టింది. దాంతోపాటు ముందువైపు మొత్తం మూసేసి, గుండీలు వీపుకి మార్చింది. "ఇదేంటి పెద్దమ్మా!" అంటే "గాలి బాగా ఆడుతుంది, పో," అంది. ఇక నేను ఆ చొక్కాతో గుండీలు పెట్టేవాళ్ళని వెతుక్కుంటూ స్టూడియో అంతా తిరగడం. తోటి బల్లేలు నవ్వి పారిపోయేవి. చివరికి రాణిగారి చెలికత్తెల్లో మూడో అమ్మాయి జాలిపడి పెట్టింది. మర్నాడూ ఆ అమ్మాయే పెట్టింది. అది వేరే సంగతి.

అసలు సంగతి రాణులది. ఒక్క సింహాసనం కోసం ఇద్దరు అక్కచెల్లెళ్ళు కొట్టుకోవడమే సినిమా కథ. ఆ వేషాలు వేసినవాళ్ళిద్దరూ నిజంగానే ఒక తల్లి పిల్లలు. గౌన్లు తొడుక్కునే వయసునుంచీ జంటగా నటించారు. అప్పట్లో ఆ గౌన్లు కుట్టిందీ పెద్దమ్మే. నిజం అక్కచెల్లెళ్ళు దొరికారని నిర్మాత తెగ మురిసిపోయాడు. కొట్టుకోవడం కూడా నిజమేనని ఆయనకి ఆలస్యంగా తెలిసింది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, అక్క ఏదో పత్రికతో "చెల్లి ఇంకా నేర్చుకుంటోంది" అందట. చెల్లెలు ఇంకో పత్రికతో "ఇప్పుడు అక్కకి రాజమాత వేషాలైతే నప్పుతాయి" అంది. అంతే, మాటల్లేవు. ఒకళ్ళు సెట్‌లోకి వస్తే రెండోవాళ్ళు కారెక్కేవారు. పెద్దరాణి చెల్లెల్ని ఉతికి ఆరేసే సన్నివేశాల్లో మాటలన్నీ ఆవిడ నా బల్లేన్ని చూస్తూ చెప్పింది. తెరమీద మీరు విన్న తిట్లన్నీ నేను తిన్నవే. ఒకరోజైతే నాకు నిజంగా కన్నీళ్ళొచ్చి, రాజ్యం నాకొద్దనేశాను.

ఇలా విడివిడిగా లాక్కొచ్చారు కానీ చివరి సన్నివేశం దగ్గర బండి ఆగిపోయింది. చెల్లెలు ఓటమి ఒప్పుకుని, తన చేత్తో అక్క తలమీద కిరీటం పెట్టాలి. వెనక సూర్యుడు దిగుతుండాలి. ఇద్దరూ ఒకే చోట నిలబడక తప్పదు.

"కిరీటం పళ్ళెంలో పెట్టి పంపిస్తాను, ఎవరిచేతైనా పెట్టించుకోమనండి," అంది చెల్లెలు.

"నాకు తలనొప్పి. బరువులు మొయ్యలేను," అంది అక్క.

నిర్మాత ఇద్దరికీ దణ్ణం పెట్టాడు. మర్నాడు కోట సెట్టు పీకేస్తారు. ఆ సాయంత్రం వెలుతురు పోయేలోగా తియ్యకపోతే సినిమా అటకెక్కినట్టే, మేమంతా ఇళ్ళకి పోయినట్టే. మూడో చెలికత్తెది మా ఇంటికి పూర్తిగా ఎదురు దారి. ఆ లెక్కన దేశం ఎంత ప్రమాదంలో ఉందో మీరే ఊహించుకోండి.

సరే, ముందు తయారవుతాం, తరవాత చూద్దాం అని రాణులు ఒప్పుకున్నారు. వాళ్ళది ఒకటే గది, మధ్యలో చెక్క అడ్డం, దానికో చిన్న తలుపు. తలుపు గడియకి తుప్పు పట్టేసింది. చెలికత్తెలందరూ అప్పటికే కోట మెట్లమీద నిలబడి ఉన్నారు. బట్టలు తొడిగే సహాయకురాళ్ళిద్దర్నీ పెద్దమ్మ బంగారు దారం తెమ్మని చెరో బజారుకీ తోలింది. ఆవిడ చూపించిన రంగు దారం ఏ బజార్లోనూ లేదని తరవాత తెలిసింది. ఇక పెద్దమ్మ కుడిచేతికి గుమ్మడికాయంత కట్టు.

"ఏమైంది పెద్దమ్మా?"

"సూది గుచ్చుకుంది."

"సూదా, గునపమా?"

"నోర్మూసుకుని గుమ్మం దగ్గర నిలబడు. భటుడివేగా!"

నిలబడ్డాను. లోపలనుంచి చెల్లెలు, "పెద్దమ్మా, నా వెనక తాళ్ళెవరు కడతారు?" అని కేకేసింది. అవతలనుంచి అక్క, "ముందు నాకు! హుక్కు ఒక్కటీ అందట్లేదు," అంది.

"నాకు చెయ్యి లేదు తల్లీ," అంది పెద్దమ్మ.

"పోనీ నేను కట్టనా?" అన్నాను రాజభక్తితో.

"రాణివాసంలోకి భటుడా? తల తీయించేస్తాను." తరవాత రెండు గదులకీ వినబడేలా, "చెక్కకి అవతల ఒకళ్ళు రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని కూర్చున్నారు. ఆపై మీ ఇష్టం," అంది.

బయట డైరెక్టరు, "వెలుతురు పోతోంది!" అని గోల. అతను లోపలికి దూసుకురాబోతే పెద్దమ్మ నోట్లోంచి ఒక్క సూది తీసింది. అతను వచ్చినదారినే పోయాడు.

అప్పుడు తుప్పు గడియ కిర్రుమంది. నేను లోపలికి తొంగి చూడలేదు. చెక్కల సందే నా కంటికి అడ్డం వచ్చింది.

"తిరుగు."

"ముందు నువ్వు తిరుగు."

"నేను పెద్దదాన్ని."

"ఆ సంగతి లోకమంతటికీ చెప్పాగా. సరే, తిరుగు. ఊపిరి బిగబట్టు."

"అబ్బా! మెల్లిగా. అసలు నీకు కట్టడం వచ్చా?"

"ఇంకా నేర్చుకుంటున్నాను."

నేను బల్లెం గట్టిగా పట్టుకున్నాను. అంతలో అక్క ఫక్కున నవ్వింది. టప్పుమని ఏదో ఊడింది.

"నవ్వకే! హుక్కు ఎగిరిపోయింది."

"ఆ పత్రికవాడు నా మాట సగమే వేశాడే. చెల్లి ఇంకా నేర్చుకుంటోంది, నేను మానేశాను, అందుకే అది నన్ను దాటిపోతుంది అన్నాను."

"ఆ ముక్క ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"రాజమాతలు ఫోన్లు చేస్తారా?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. మిగతా హుక్కులు ఎలా నిలిచాయో పెద్దమ్మ దారానికే తెలియాలి.

"ఇటు తిరుగు, నీది కడతాను. చిన్నప్పుడు నీ గౌనుకి నేనేగా కట్టేదాన్ని."

"రెండేసి ముడులు వేసేదానివి. ఎంత లాగినా ఊడేవి కావు."

"ఊడకూడదనే వేసేదాన్ని."

సన్నివేశం ఎలా వచ్చిందో మీరు చూసే ఉంటారు. చెల్లెలు కిరీటం పెట్టి, వెనక్కి వెళ్ళి, ఊడిన హుక్కు చోట అక్క అంగీని రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడింది. స్క్రిప్టులో అది లేదు. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. సూర్యుడు మాత్రం దిగిపోబోయాడు. నేను బల్లెం మొనతో ఆయన్ని కాసేపు ఆపాను. అందరూ రాణుల్ని చూస్తున్నారు కాబట్టి దానికి సాక్షులు లేరు.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ చేతి కట్టు విప్పి, దాంతోనే ముక్కు తుడుచుకుంటోంది. చెయ్యి నిగనిగలాడుతోంది.

"గాయమేది పెద్దమ్మా?"

"మానిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే." నోట్లో సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. నేను పారిపోలేదు. భయంతో కాళ్ళు కదల్లేదు. "ఒకళ్ళు వీపు అప్పగించి నిలబడితే వాళ్ళమీద కోపం ఎంతసేపు ఉంటుందిరా? మీ సైన్యంలో మొదటిరోజు ఎవడి మొహం ఎవడికి తెలుసు? మూడు ముడులు పడేసరికి ఒకే చోట కూర్చుని తింటున్నారు."

"మరి నా చొక్కా ఏం పాపం చేసింది?"

"నీ గొప్పలు వినేవాడు లేక బల్లెంతో చెప్పుకుంటున్నావు. గుండీలు పెడుతున్నంతసేపైనా ఎవరో ఒకళ్ళు వింటారు కదా అని," అంది. మళ్ళీ నోటినిండా సూదులు పెట్టుకుంది.

ఆ చొక్కా ఇప్పటికీ ఉంది. ఆ మూడో చెలికత్తె ఇప్పుడు మా ఆవిడ. పొద్దున్నే నా వెనక నిలబడి గుండీలు పెడుతుంది.

"నేను సూర్యుణ్ణి ఆపిన సంగతి చెప్పనా?" అంటాను.

"పై గుండీ పెట్టేదాకా చెప్పండి," అంటుంది.

పై గుండీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఎందుకో బాగా నెమ్మదిస్తుంది.