మగ్గం గుంట పూడ్చనివ్వలేదు

రచయితకి వాతావరణం కావాలట. విజయవాడలో ఒక సాహిత్య సభలో వేదిక మీదున్న పెద్దమనిషి ఆ మాట అన్నారు. కిటికీలోంచి కృష్ణానది కనిపించాలి, మంచి బల్ల ఉండాలి, చుట్టూ చప్పుడు ఉండకూడదు అని వరసగా చెప్పుకుంటూ పోయారు. నేను ముందు వరసలో కూర్చుని, ఇంట్లో మినప్పప్పు నానబోసి వచ్చానా లేదా అని ఆలోచిస్తున్నాను. అప్పటికే నావి రెండు కథల పుస్తకాలు వచ్చాయి. రెండూ గుంటలో కాళ్ళు పెట్టుకుని రాసినవే.

చల్లపల్లి దగ్గర మాది నేతపని ఇల్లు. ముందు గదిలో మోకాళ్ళు దిగేంత లోతున మగ్గం గుంట ఉంది. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని, కాళ్ళు అందులోకి దించి, కింద తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. మామగారు పోయాక మగ్గం విప్పేశారు, గుంట మిగిలింది. ఎవరూ పడిపోకుండా దానిమీద పలకలు పరిచారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనొక పలక పక్కకి జరిపి, కాళ్ళు లోపలికి దించుకుని, ఎదురుగా ఉన్న పలకల మీద పీట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. నడుం నొప్పికి నేల మీద కూర్చోలేక చేసిన పనే తప్ప అందులో ఇంకే గొప్పా లేదు.

ఆ మధ్యాహ్నం ఒక వింత జరిగింది. నన్నెవరూ పిలవలేదు!

అది ఎంత వింతో ఆడవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నేను పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. చొక్కా ఎక్కడ, కొత్తిమీర ఏది, ఫోన్ మోగుతోంది, పాలవాడొచ్చాడు. అలాంటిది ఆ గుంటలో కాళ్ళు పెట్టగానే ఇల్లంతా నోరు మూసుకుంది. మా ఆయన వచ్చి, నన్ను చూసి, వంటింట్లోకి వెళ్ళి తన కాఫీ తనే కలుపుకున్నారు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. మగ్గంలో కూర్చున్న మనిషిని లేపకూడదని నేతవాళ్ళ ఇళ్ళల్లో చిన్నప్పటినుంచీ నేర్పుతారు. మధ్యలో లేస్తే చేతి వాటం మారి, బట్ట మీద చార పడుతుందట. ఆ భయం ఆయన ఒంట్లో ఉండిపోయింది. మగ్గం లేదు, బట్టా లేదు, అయినా ఆయన కాళ్ళు ఆ గట్టు దగ్గర వాటంతటవే ఆగిపోయేవి. నేను ఆ అవకాశాన్ని సిగ్గులేకుండా వాడుకున్నాను.

ఆ సభకి మా ఆయన కూడా వచ్చారు. ఆయన గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేస్తారు, సోమవారం వెళ్ళి శనివారం రాత్రికి ఇంటికొస్తారు. పెద్దమనిషి మాటలు విని ఆయనకి మనసులో గుచ్చుకుంది. పెళ్ళాం గుంటలో కూర్చుని రాస్తోంటే నేనేం మొగుణ్ణి అనుకున్నారో ఏమో, ఆరు నెలలు తిరక్కుండా మేడ మీద గది వేయించారు. తూర్పు వైపు కిటికీ, ఏసీ, టేకు బల్ల, గుండ్రంగా తిరిగే కుర్చీ, ఒక మంచం. ఆయన మంచితనాన్ని నేను కాదనను. కానీ ఆ గదిలో ఆర్నెల్లు కూర్చుని నేను రాసింది కిరాణా చీటీలు మాత్రమే.

ఎందుకంటే మేడ మీద కుర్చీలో కూర్చున్న ఆడది ఖాళీగా ఉన్నట్టే లెక్క. కింది నుంచి కేక వేసేవాళ్ళు. కొరియర్ వాడు, చుట్టాలు, కుక్కర్ కూడా నన్నే పిలిచేది. పైకెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ఏసీ చల్లదనానికి మంచం అంచున కూర్చుని కబుర్లు మొదలుపెట్టేవాళ్ళు. గుంటలో మొదలుపెట్టిన నా మొదటి నవల సగంలో ఆగిపోయింది. ఒక నేతగత్తె కథ అది. నేను మళ్ళీ కిందికి దిగి, పలక జరిపి కూర్చున్నాను.

అదే నేను చేసిన తప్పు. మా ఆయనకి ఒళ్ళు మండింది. అంత ఖర్చుపెట్టి గది వేయిస్తే మళ్ళీ ఆ గోతిలోకే వెళ్తావా అన్నారు. ఆ ఆదివారం ఇంటి ముందు ట్రాక్టర్ ఇసుక దిగింది. గుంట పూడ్చి, టైల్స్ వేసి, సోఫా పెడతారట. తాపీమేస్త్రి పార పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నేను గబగబా వెళ్ళి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మేస్త్రి బిత్తరపోయి అక్కడే ఆగిపోయాడు.

"ఈ ఇంట్లో నన్నెవరూ పిలవని చోటు ఇదొక్కటేనండీ," అన్నాను. "ఇది పూడిస్తే నేనింక రాయను. రాయొద్దని మీ నోటితో మీరే చెప్పి, అప్పుడు పూడ్చండి."

ఆయన ఆ గదిలోనే ఓ మూల మంచం మీదున్న వాళ్ళమ్మ వైపు చూశారు. మా అత్తగారు నా పక్షమే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. మామగారికి కళ్ళు మందగించాక ఆ గుంటలో కూర్చుని ఇల్లు నడిపిన మనిషి ఆవిడ. ఆ చోటు విలువ ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"పూడ్చెయ్యరా అబ్బాయ్," అంది ఆవిడ. "నా మోకాళ్ళు తినేసింది అది."

 నాకు కోపం వచ్చింది. ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు. అన్నాళ్ళూ అందులో కూర్చుని ఏం రాశావో చదవమంది. ఆవిడకి చదువు రాదు. సరే, వింటే కరుగుతుందిలే అనుకుని నవల మొదటి పేజీలు తీశాను. మగ్గం పాట పాడుతుంటే దారాల్లో కలలు అల్లుకున్నాయని రాసుకున్నాను. ఆ వాక్యాలంటే నాకు మహా ముద్దు. ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విని, మగ్గం పాడడమేంటే అని అడిగింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. కాలవలకి నీళ్ళొదిలి వానలు పట్టుకున్నాయంటే మన నేలలో గుంట ఊరుతుంది. పొద్దున్నే చెంబుతో నీళ్ళు తోడి, గోనెపట్టా వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నానికి మళ్ళీ చీలమండల దాకా నీళ్ళు. నేసే చీరకి చెమ్మ తగలకూడదు, కాళ్ళు నానితే ఎవరికి పట్టింది? సాయంత్రం పైకి లేచేసరికి పాదాలు తనవి కావన్నట్టు ఉండేవి. లేవకూడదని అందరూ అంటారు, లేవలేకపోయేదాన్నని ఎవరికీ తెలీదు అంది. "ఇదంతా ఏది? నీ పుస్తకంలో నేనెక్కడున్నాను?"

సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. ఆవిడ కాళ్ళు పాడైన చోట నేను హాయిగా కూర్చుని పాటలు రాశాను. అయినా మొండిదాన్ని కదా, ఊరుకోలేదు.

"దీని మీద సోఫా వేసేస్తే ఇంక ఎవరడుగుతారు అత్తయ్యా మీ కాళ్ళ సంగతి?"

 ఆవిడ కొడుకుని పిలిచి, ఇసుక పెరట్లో బురదగా ఉన్న చోట పోయించమంది. మా ఆయన ఏదో అనబోయారు. "దాన్ని రాయనీరా," అంది. అంతే, మేస్త్రి పార తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

నవలకి రాసిన పేజీలన్నీ చింపేశాను. ఇప్పుడు మేడ మీద గదిలో మా ఆయన శనివారం రాత్రిళ్ళు ఏసీ వేసుకుని నిద్రపోతున్నారు. వాతావరణం గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనం కూర్చున్న చోట మనకంటే ముందు ఎవరు కూర్చున్నారో అడగండయ్యా ముందు, అనాలనిపిస్తుంది. నేను రోజూ గుంటలో కాళ్ళు పెట్టుకుని రాస్తాను, మా అత్తగారు మంచం మీంచి వింటుంది. మొన్న మొదటి అధ్యాయం నాలుగోసారి రాసి చదివాను. బాగా వచ్చిందని నాకే అనిపించి, మెప్పు కోసం ఆవిడ ముఖం చూశాను.

"ఇందులో నా కాళ్ళు ఇంకా తడవలేదమ్మాయ్," అంది.

కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టాను.