గేటు మీది వాటా

ఊరు దాటాక ఉన్న ఆ గుండ్రటి మట్టి ఇంటికి గేటు ఒక్కటే. దాని మీది వాటా రేణుది. ఇష్టపడి తీసుకున్నది కాదు, ఆమెకు అంటగట్టినది.

చైనాలో హక్కా వాళ్ళు వంశమంతా ఒకే గోడలో ఉండేలా కట్టుకున్న మట్టి ఇళ్ళను చూసొచ్చి, స్నేహితులైన ఐదు జంటలు అలాంటిదే కట్టుకుందామనుకున్నాయి. చుట్టూ మందపాటి గోడ, మధ్యలో అందరికీ ఒకే మండువా, కింద నుంచి పైదాకా ఇంటికో వాటా. గోడ సగం లేచేసరికి రేణు మొగుడు అవినాష్ పన్నెండేళ్ళ కాపురం వదిలేసి నిధి అనే అమ్మాయితో వెళ్ళిపోయాడు. పోనీ, అది వాడి బుద్ధి. మరి స్నేహితురాలు రష్మికేమొచ్చింది? పదేళ్ళపాటు రేణు చేతి గోంగూర పచ్చడి తిన్న మనిషి, అందరి తరఫునా వచ్చి, ఇది ఫ్యామిలీస్ కోసం అనుకున్నాం కదా, నీ షేర్ మాకిచ్చేయ్ అంది. స్థలం కాగితాల్లో రేణు పేరుంది కాబట్టి గెంటలేకపోయారు. కింద గది లేకుండా పైన రెండే గదులున్న గేటు వాటా ఆమె మొహాన పడేశారు. ఒంటరిదానికి అది చాలట!

రేణుకు కడుపు రగిలిపోయింది. నోరు మూసుకుని సంతకం పెట్టింది. తనను కాదన్నవాళ్ళంతా రోజూ తన గదుల కిందనుంచే వెళ్ళాలి కదా, చూద్దాం అనుకుంది.

దీపావళికి రష్మి ఆమెకు మాటమాత్రం చెప్పకుండా, పెళ్ళై నెల కూడా కాని అవినాష్‌నీ నిధినీ భోజనానికి పిలిచింది. హారతి పళ్ళెంతో తానే గేటు దాకా వచ్చింది. అందరూ మండువాలో చేరారు. రేణు పైనుంచి దిగివచ్చి, రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. కొత్త జంట పేర్లు చెప్పి లోపలికి రావాలి. ఆడపడుచు లేదని ఆ ముచ్చట మానేస్తామా?"

సీన్ చేయొద్దని రష్మి గొణిగింది. రేణు ఆమె వంక చూడనైనా లేదు. పదిమందిలో వాడు తలదించుకు నిలబడాలి, ఆమెకు కావలసిందల్లా అంతే. ఎలాగో గండం గట్టెక్కాలన్న తొందరలో, రేణుతో పెళ్ళైన రోజు గుమ్మంలో వాళ్ళక్కకు చెప్పిన మాటే అవినాష్ నోటికొచ్చేసింది.

"నేనూ, రేణూ వచ్చాం."

నిధి చేయి విడిపించుకుని కారు వైపు నడిచింది. అవినాష్ ఆమె వెనకే పరుగెత్తాడు.

రేణు గేటుకు ఒక పక్కగా జరిగింది.

"నేను దారిచ్చాను రష్మీ. వాళ్ళే రాలేదు."

పైకెళ్ళి, కిటికీ తీసి, కారు రోడ్డెక్కేదాకా చూసింది. ఎన్నాళ్ళకో ఆమెకు కడుపు చల్లబడింది.